ఈ బట్ట ఎవరు ఎంచారు? సోఫియా కొప్పోలా, ఫ్యాషన్, సినిమా (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. అమెరికన్ సినిమా దర్శకురాలు సోఫియా కొప్పోలా గురించి పత్రికల్లో ఏ వ్యాసం తీసినా రెండు ముక్కలు తప్పకుండా కనిపిస్తాయి. చాలా సాదాగా ఉంటుంది, అయినా ఎంతో స్టైల్‌గా ఉంటుంది. చదవడానికి బాగానే ఉంటుంది గానీ, రేపు కాస్ట్యూమ్ విభాగంలో చేరబోయే మీకు దాంతో ఒరిగేదేమీ లేదు. ఆ సాదాతనం దేనితో తయారైంది, ఫ్యాషన్ సంస్థలతో ఆమెకున్న స్నేహం సినిమాకి ఎక్కడ పనికొచ్చింది, అలాంటి స్నేహమే ఇంకొక సినిమాలో ఎందుకు బెడిసికొడుతుంది, ఈ మూడూ తెలియాలి మీకు.

ముందు నేపథ్యం, గబగబా చెప్పేస్తాను. పుట్టింది 1971లో, న్యూయార్క్‌లో. తండ్రి 'గాడ్‌ఫాదర్' సినిమాల దర్శకుడు ఫ్రాన్సిస్ ఫోర్డ్ కొప్పోలా. పదిహేనేళ్ల వయసులో పారిస్‌లో షనెల్ సంస్థలో ఇంటర్న్‌గా చేరింది. అప్పటికి అక్కడ డిజైనర్ కార్ల్ లాగర్‌ఫెల్డ్ హయాం నడుస్తోంది. 1989లో వచ్చిన 'న్యూయార్క్ స్టోరీస్'లో మూడు భాగాలుంటాయి. అందులో తండ్రి తీసిన భాగానికి ఆయనతో కలిసి కథ రాసింది, కాస్ట్యూమ్స్ కూడా తనే చేసింది. ఈ సంగతి చాలామంది గమనించరు. దర్శకురాలిగా పేరు పడటానికి పదేళ్ల ముందే కాస్ట్యూమ్ డిజైనర్‌గా తెర మీద ఆమె పేరు పడింది. ఆ మరుసటేడు 'గాడ్‌ఫాదర్' మూడో భాగంలో నటించి విమర్శకుల చేత ఘోరంగా తిట్లు తిన్నది. ఆ కథ అందరికీ తెలిసిందే, వదిలేద్దాం.

1992 నవంబర్‌లో మార్క్ జేకబ్స్ అనే కుర్ర డిజైనర్ పెరీ ఎలిస్ సంస్థకి గ్రంజ్ (రాక్ సంగీతం కుర్రాళ్ల చిందరవందర వీధి స్టైల్) కలెక్షన్ చేశాడు. వీధిలో దొరికే గళ్ల ఫ్లానెల్ చొక్కా వాటంలోనే పట్టుచొక్కా కుట్టించి ర్యాంప్ మీద నడిపించాడు. ఉద్యోగం ఊడింది. ఆ రోజుల నుంచే కొప్పోలాకీ ఆయనకీ స్నేహం. 1994 వసంతంలో న్యూయార్క్ సోహోలో ఎక్స్-గర్ల్ అనే చిన్న బ్రాండ్‌కి నడివీధిలో ఫ్యాషన్ షో పెట్టారు. దాన్ని నడిపింది కొప్పోలా, దర్శకుడు స్పైక్ జోన్స్. బ్రాండ్ సోనిక్ యూత్ అనే రాక్ బ్యాండ్‌లోని కిమ్ గోర్డన్‌ది, డెయిజీ వాన్ ఫర్త్‌ది. షో పెట్టిన చోటు మార్క్ జేకబ్స్ షో జరుగుతున్న హాలు బయటే. లోపలి షో చూసి బయటికొచ్చే పత్రికలవాళ్లే వీళ్ల ప్రేక్షకులు. హాలు అద్దె లేదు, ఆహ్వాన పత్రాలు లేవు. అదే ఏడు కొప్పోలా తన సొంత బ్రాండ్ మిల్క్‌ఫెడ్ మొదలుపెట్టింది. టీషర్టులు, చిన్న చిన్న డ్రెస్సులు. అది ఎక్కువగా ఆదరణ పొందింది జపాన్‌లో.

ఇక్కడి దాకా చెప్పింది ఎందుకంటే, కొప్పోలా ఫ్యాషన్ రంగానికి సినిమా పేరు పెట్టుబడిగా పెట్టి వెళ్లలేదు. ముందు బట్టల పని తెలుసు, తర్వాత కెమెరా వచ్చింది. అందుకే ఆమె ఫిట్టింగ్ గదిలో కూర్చుంటే డిజైనర్‌తో మాట్లాడే భాష వేరుగా ఉంటుంది.

మార్క్ జేకబ్స్ తన మొదటి పరిమళానికి 2000ల ఆరంభంలో ప్రకటన చేయించినప్పుడు, యుర్గెన్ టెల్లర్ తీసిన ఆ ఫోటోల్లో ఉన్నది కొప్పోలాయే. జేకబ్స్ 1997 నుంచి 2013 దాకా లూయీ విటాన్‌కి క్రియేటివ్ డైరెక్టర్. 2009లో అక్కడ కొప్పోలా పేరుతో ఒక హ్యాండ్‌బ్యాగ్ వచ్చింది, ఎస్‌సి అని. 1896 నుంచి ఆ సంస్థకి గుర్తుగా ఉన్న మోనోగ్రామ్ ముద్ర దాని నిండా పరుచుకుని ఉండదు. సాదా తోలు, అంతే. దుకాణంలోకి వచ్చేవాళ్లు ఏ ముద్ర కోసం డబ్బు పెడతారో, ఆ ముద్రే లేని సంచి అన్నమాట. ఇక ప్రకటన చిత్రాలు: 2008లో మిస్ డియోర్ షెరీ, 2012లో హెచ్ అండ్ ఎమ్ కోసం మార్ని, 2017లో కార్టియే వాచీ. 2019 డిసెంబర్‌లో పారిస్ గ్రాండ్ పాలేలో జరిగిన షనెల్ షోకి రంగాలంకరణలో చేయి వేసింది. కోకో షనెల్ ఉన్న రూ కాంబోన్ 31వ నంబర్ భవనాన్నీ, అందులోని అద్దాల మెట్లనీ అక్కడ మళ్లీ కట్టారు. 2016లో రోమ్ ఒపేరా హౌస్‌లో 'లా ట్రావియాటా' చేసినప్పుడు కాస్ట్యూమ్స్ వాలెంటీనో గరవానీవి. 2025లో వెనిస్ చిత్రోత్సవంలో వచ్చిన 'మార్క్ బై సోఫియా' జేకబ్స్ మీద ఆమె తీసిన డాక్యుమెంటరీ. ముప్పై ఏళ్లు దాటిన స్నేహం అది. ఆ పేర్లు వరసగా చూడండి, జేకబ్స్, షనెల్ లాంటి పేర్లు మళ్లీ మళ్లీ వస్తాయి. ప్రతి సీజన్‌కీ బ్రాండ్ మార్చే తారలకీ ఈమెకీ తేడా అక్కడే ఉంది.

ఇప్పుడు ఆమె వేసుకునే బట్టలు. నేవీ, తెలుపు, నలుపు, బూడిదరంగు. మగవాళ్ల వాటంలో కుట్టిన చొక్కా, తిన్నటి ప్యాంటు, మడమ లేని చెప్పులు, చలైతే కార్డిగన్. చొక్కాల విషయంలో పారిస్ ప్లాస్ వాండోమ్‌లోని షార్వే పేరు ఆమెతో ముడిపడిపోయింది. 1838 నుంచి ఉన్న దుకాణం అది. చెప్తుంటే ఎవరైనా వేసుకోగలిగిందే కదా అనిపిస్తుంది. వేసుకున్నాక తేలుతుంది అసలు సంగతి. అలంకారం ఏమీ లేని బట్టలో తప్పు దాక్కోడానికి చోటు ఉండదు. భుజం కుట్టు భుజం ఎముక అంచు మీదే పడాలి. వదులు కావాలంటే ఒకటి రెండు సెంటీమీటర్లు కిందికి జారొచ్చు. అంతకు మించితే అన్నయ్య చొక్కా ఎరువు తెచ్చుకున్నట్టు ఉంటుంది. చెయ్యి మణికట్టు ఎముక దగ్గర ఆగాలి. పాప్లిన్ (చొక్కాలకి వాడే నేత నూలు బట్ట) బరువు చదరపు మీటరుకి 100 నుంచి 120 గ్రాములు ఉంటే నిలబడుతుంది. 90 కంటే తగ్గితే లైటు కింద లోపలి బట్ట కనిపిస్తుంది. కాలర్‌లో వేసే గట్టిబట్ట నాసిగా అతికించిన రకమైతే ఉతికేకొద్దీ బుడగలు లేవొచ్చు. కుట్టి వేసిందైతే మెత్తబడుతుంది తప్ప బుడగ రాదు. ఆమె కాలర్ పడుకున్నట్టు, మెడకి అతుక్కోకుండా ఉంటుందే, దానికి కారణం ఈ లోపలి పొరే. పై గుండీ తీసేసినంత మాత్రాన అది రాదు.

ఇదే చొక్కా సెట్ మీదికి వస్తే గొడవలు వేరే రకం. తెల్లటి తెలుపు కెమెరాకి పడదు. ముఖానికి ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వచ్చే వెలుగు) సరిచేస్తే చొక్కా మరీ తెల్లబడిపోతుంది, మడతలు కూడా కనిపించవు. అందుకే టీ నీళ్లలోనో, లేత బూడిద డైలోనో ఒక్క ముంచు ముంచి తీస్తారు. కంటికి తేడా తెలియదు, కెమెరాకి తెలుస్తుంది. నేవీ పగటి వెలుగులో నేవీగానే ఉంటుంది, రాత్రి పసుపు దీపాల కింద నల్లగా మారుతుంది. కాబట్టి నేవీ కోటు, నల్ల ప్యాంటు కలిపి వేయిస్తే పగలు రెండు రంగులు, రాత్రి ఒక్క రంగు. సన్నటి గీతలుంటే మరీ ఇబ్బంది. దూరం నుంచి తీసిన షాట్‌లో గీతలు అలల్లా కదులుతాయి, మోయిరే అంటారు. నావికుల చారల బనీనులో ఈ బాధ తక్కువ. 1858లో ఫ్రెంచి నౌకాదళం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం తెల్ల చార 20 మిల్లీమీటర్లు, నీలి చార 10. అంత వెడల్పు చారలు కెమెరాని గందరగోళపెట్టవు.

సరే, సినిమాల్లోకి వద్దాం. కొప్పోలా సినిమాల్లో ఏ కాస్ట్యూమ్ చూసినా నాకు ఒకటే ప్రశ్న వినిపిస్తుంది. ఈ బట్ట ఎవరు ఎంచారు? వేసుకున్న అమ్మాయా, ఇంకెవరైనానా? మొదటి సినిమా 'ది వర్జిన్ సూసైడ్స్' 1999లోది, కాస్ట్యూమ్స్ నాన్సీ స్టైనర్. అక్కచెల్లెళ్లు పార్టీకి వెళ్లాలి. ఏ నమూనా ఎంచుకున్నా తల్లి ఛాతీ దగ్గర ఒక అంగుళం, నడుము దగ్గరా అంచు దగ్గరా రెండేసి అంగుళాలు కలిపి కుట్టిస్తుంది. చివరికి నలుగురికీ ఒకేలాంటి నాలుగు గోనెసంచులు తయారవుతాయి. తల్లి భయమంతా టేపుతో కొలిచి చూపించారు. కాస్ట్యూమ్ స్క్రిప్ట్ రాసేటప్పుడు 'వదులు గౌను' అని రాయకండి, ఇలా అంగుళాల్లో రాయండి. టైలర్‌కి అర్థమవుతుంది, నటికీ అర్థమవుతుంది.

'లాస్ట్ ఇన్ ట్రాన్స్‌లేషన్' 2003, మళ్లీ నాన్సీ స్టైనరే. టోక్యోలో 27 రోజుల షూటింగ్. స్కార్లెట్ జొహాన్సన్ పాత్రకి చొక్కా, స్వెట్టరు, మామూలు స్కర్టు, దాదాపు కొప్పోలా అల్మారానే. బిల్ మర్రే పాత్ర విస్కీ ప్రకటన కోసం టక్సీడో వేసుకుంటాడు. ముందు నుంచి అద్దినట్టు ఉంటుంది, వెనకాల వీపు మీద క్లిప్పులు. ప్రకటనల షూటింగ్‌లో రోజూ చేసే పనే అది. నటుడి ఒంటికి సరిపోని కోటుని వెనక నాలుగు క్లిప్పులతో పట్టి లాగుతారు. మామూలుగా ఆ క్లిప్పులు ఫ్రేములో పడకుండా చూసుకోవడమే మన ఉద్యోగం. ఇక్కడ వాటినే చూపించారు. ఆ మనిషికి ఆ బట్ట ఎంతమాత్రం తనది కాదని చెప్పడానికి ఇంకో డైలాగ్ అక్కర్లేదు.

ఇక 2006 నాటి 'మారీ ఆంట్వనెట్', పద్దెనిమిదో శతాబ్దపు ఫ్రాన్సు రాణి కథ. దీని దగ్గర కాసేపు ఆగుదాం. మిలెనా కనోనెరోకి ఆస్కార్ తెచ్చిన కాస్ట్యూమ్స్ ఇవి. రంగుల గురించి చెప్పడానికి కొప్పోలా ఆమెకి పెద్ద చరిత్ర పుస్తకమేమీ ఇవ్వలేదు. పారిస్‌లోని లదురే దుకాణపు మకరోన్ల (లేత రంగుల చిన్న మిఠాయిల) పెట్టె చేతికిచ్చింది, ఈ రంగులు కావాలని. ఈ సంగతి వినగానే విద్యార్థులు అబ్బా అంటారు, తర్వాత తమ సినిమాకి పాస్టెల్ రంగులు పట్టుకొచ్చి చేతులు కాల్చుకుంటారు. ఎక్కడ కాలుతుందో చెప్తాను. వెలుగు రంగుని కెల్విన్లలో కొలుస్తారు. కొవ్వొత్తి వెలుగు దాదాపు 1900 కెల్విన్, స్టూడియో టంగ్‌స్టన్ దీపం 3200, పగటి వెలుగు 5600 ప్రాంతం. పగలు ముద్దొచ్చే లేత నీలం కొవ్వొత్తి దగ్గర బూడిద పూసుకున్నట్టు అవుతుంది. లేత గులాబీ మీగడ రంగులోకి జారిపోతుంది. లేత రంగు మార్పుని దాచలేదు, ముదురు రంగు దాచుకుంటుంది. కాబట్టి బట్ట కొనేముందు అరమీటరు ముక్కలు తెచ్చి, సినిమాలో ఏయే వెలుగు ఉంటుందో ఆ మూడింటి కిందా, నటి చర్మం పక్కనే పెట్టి, వాడబోయే కెమెరాతోనే తీసి చూడాలి. ఫోన్‌తో తీయకండి, ఫోన్ తనంతట తనే తెలుపుని సరిచేసేస్తుంది. నచ్చాక మొత్తం బట్ట ఒకే డై లాట్‌లో (ఒకేసారి రంగు వేసిన సరుకులో) కొనాలి, లెక్కకి ఇరవై శాతం ఎక్కువ. తర్వాత కావాలంటే ఆ రంగు దొరకదు, దాని చుట్టం దొరుకుతుంది.

ఆ సినిమాలో ఒక సన్నివేశం గుర్తు తెచ్చుకోండి. ఆస్ట్రియా పిల్లని ఫ్రాన్సుకి అప్పగించే చోట, సరిహద్దు దగ్గర గుడారంలో, పుట్టింటి బట్టలన్నీ విప్పించి ఫ్రెంచి బట్టలు తొడుగుతారు. 1770 మే నెలలో నిజంగా జరిగిన తంతు ఇది. మళ్లీ అదే ప్రశ్న, ఎవరు ఎంచారు? అక్కడి నుంచి గౌన్లు పెరుగుతూ పోతాయి, పక్కలకి విస్తరించే పానియే చట్రాలు, రిబ్బన్లు, మనోలో బ్లానిక్ చేసిన చెప్పులు. చెప్పుల మధ్య ఈ కాలపు లేత ఊదారంగు కాన్వాస్ కాన్వర్స్ బూట్ల జత ఒక్క క్షణం కనిపిస్తుంది. దాని మీద పేజీలకి పేజీలు రాశారు. నా మటుకు దానికంటే ట్రియనాన్ (వర్సాయ్‌లో రాణి సొంత విడిది) భాగంలోని తెల్ల మస్లిన్ గౌను ముఖ్యం. రాణి తనకి తానుగా ఎంచుకున్న బట్ట అదే. చరిత్రలో కూడా అంతే. 1783లో విజే లెబ్రన్ గీసిన చిత్రంలో రాణి మస్లిన్ గౌనులో కనిపిస్తే, ఒంటిమీద లోపలి బట్టతో కూర్చుందేమిటని పారిస్ అంతా గోల చేసింది, చిత్రాన్ని ప్రదర్శన నుంచి తీసేయాల్సి వచ్చింది. పట్టు కట్టుకున్నప్పుడు ఖర్చని తిట్టారు, నూలు కట్టుకుంటే పరువు తీసిందని తిట్టారు.

చారిత్రక గౌన్లు సెట్ మీద పెట్టే ఇబ్బందులు మూడు నాలుగు చెప్పి ముందుకి పోతాను. కార్సెట్ (నడుము బిగించే లోదుస్తు) వెనక తాళ్లు బిగిస్తే మధ్యలో అయిదు సెంటీమీటర్ల ఖాళీ మిగలాలి. మొదటి రోజే అంచులు కలిసిపోయాయంటే, నటి రెండు కిలోలు తగ్గగానే బిగించడానికి ఏమీ ఉండదు. షూటింగ్‌కి రెండు వారాల ముందు నుంచి రోజుకో గంట చొప్పున అలవాటు చేయించాలి, తినాలి, మెట్లెక్కాలి, కూర్చోవాలి. టాఫెటా పట్టు నడిచినప్పుడల్లా గరగరలాడుతుంది, సౌండ్ రికార్డిస్టు తల పట్టుకుంటాడు. లోపలి పావడా అంచుకి ఫ్లానెల్ పట్టీ కుడితే సగం శబ్దం చస్తుంది. మైకు కార్సెట్ ముందు పుల్ల మీద పెడితే ఊపిరి తీసినప్పుడల్లా కిర్రుమంటుంది, జుట్టులో దాచడం నయం. పానియే వెడల్పు ఎంతో షూటింగ్ స్థలంలో తలుపు వెడల్పు ఎంతో ముందే రాసిపెట్టుకోండి.

ఇప్పుడు 2023 'ప్రిసిల్లా'. కాస్ట్యూమ్స్ స్టేసీ బాటట్. 'సమ్‌వేర్' సినిమా నుంచి ఆమే కొప్పోలా డిజైనర్. ఎల్విస్ ప్రెస్లీ భార్య కథ, ఆమె స్వయంగా రాసుకున్న పుస్తకం ఆధారం. ఫ్యాషన్ స్నేహాలు సినిమాకి ఎలా పనికొస్తాయో చూడాలంటే ఇదే సరైన ఉదాహరణ. పెళ్లి గౌను షనెల్ కుట్టింది, ఎల్విస్ సూట్లు వాలెంటీనో సంస్థ కుట్టింది. అవి అప్పు తెచ్చిన ర్యాంప్ బట్టలు కావు, నటుల కొలతలకి, 1967 నాటి వాటానికి కొత్తగా కుట్టినవి. అంతకంటే ముఖ్యం, కథలో వాటికి పని ఉంది. ఎల్విస్ ఆ అమ్మాయి జుట్టుకి నల్లరంగు వేయిస్తాడు, కళ్లకి కాటుక ఇంకా దట్టంగా పెట్టుకోమంటాడు, పూల ప్రింట్లు వద్దంటాడు. షాపులో ఆమె గౌన్లు మార్చి మార్చి వేసుకుని వస్తుంటే అతను కూర్చుని తీర్పు చెప్తుంటాడు. పురిటి నొప్పులొస్తుంటే ఆసుపత్రికి బయల్దేరే ముందు ఆమె అద్దం ముందు కృత్రిమ కనురెప్ప వెంట్రుకలు ఒక్కొక్కటీ అతికించుకుంటుంది. చివరికి వచ్చేసరికి జుట్టు సొంత రంగుకి వస్తుంది, కళ్ల మీద బరువు తగ్గుతుంది, ప్రింట్లు తిరిగొస్తాయి. ఈ కథలో ఖరీదైన బట్ట ఎంత అందంగా ఉంటే అంత ఊపిరాడనట్టు ఉండాలి. షనెల్ లాంటి సంస్థ తన గౌనుని అలా వాడుకోనివ్వడమే విశేషం. ముప్పై ఏళ్ల పరిచయం లేకపోతే అది ఒప్పందం కాగితం మీద రాయించుకోలేని సంగతి.

ఇంకో ముచ్చట. ఆ సినిమా వరస ప్రకారం తీయలేదు. పొద్దున గర్భిణి, మధ్యాహ్నం పద్నాలుగేళ్ల పిల్ల, ఇలా నడిచింది షూటింగ్. ఇలాంటప్పుడు కాస్ట్యూమ్ వాళ్లని కాపాడేది ఒక చార్టే. అడ్డంగా సన్నివేశం నంబర్లు, నిలువుగా కథలో రోజు, వయసు, విగ్గు, గౌను, చెప్పులు, గోళ్ల రంగు. గోళ్ల రంగు ఎందుకంటారేమో, గోళ్లు ఆరడానికి అరగంట పడుతుంది. షెడ్యూల్ వేసే అసిస్టెంట్ డైరెక్టర్‌కి ఆ అరగంట ముందే చెప్పకపోతే తిట్లు మీకే.

బ్రాండ్లతో వ్యవహారం చెడేది ఎక్కడ? సంస్థల పత్రికా విభాగం ఇచ్చేవి శాంపిల్ బట్టలు. ర్యాంప్ మోడల్ కొలతకి కుట్టినవి, ఫ్రెంచి కొలతలో 36 చుట్టూ ఉంటాయి. కుట్టు లోపల వదిలిన బట్ట ఒక సెంటీమీటరు ఉంటే గొప్ప. మనం కాస్ట్యూమ్ కుట్టిస్తే లోపల మూడు నాలుగు సెంటీమీటర్లు వదులుతాం, వదులు చేసుకోవచ్చు. శాంపిల్‌ని వదులు చేయలేం, కత్తిరించనివ్వరు. రెండోది, ఒక్కటే ముక్క ఉంటుంది. సన్నివేశంలో కాఫీ ఒలికితే కనీసం రెండు కావాలి, రక్తమైతే మూడు. మూడోది, అయిదారు రోజుల్లో వెనక్కి అడుగుతారు, మరో నగరంలో ఫోటోషూట్ ఉంటుంది. సినిమాకి మూడు నెలల తర్వాత రీషూట్ పడితే ఆ గౌను ఎవరి ఒంటి మీదుందో ఎవరికీ తెలియదు. ర్యాంప్ బట్ట నిలబడి నడవడానికి కుట్టింది, కూర్చుంటే ఎలా ఉంటుందో కుట్టినవాళ్లు కూడా చూసి ఉండరు. అందుకే అప్పు బట్టని కదలిక తక్కువున్న, ఒకే రోజులో పూర్తయ్యే సన్నివేశానికే పెట్టుకోండి.

'ది బ్లింగ్ రింగ్' సంగతి వేరు. 2013 సినిమా అది. తారల ఇళ్లలో దొంగతనాలు చేసిన కుర్రకారు కథ, కాబట్టి అక్కడ బ్రాండ్ పేరే కథావస్తువు. పారిస్ హిల్టన్ సొంత ఇంట్లో, ఆమె అల్మారాల ముందే తీశారు. అంత సరుకు సెట్ వేసి నింపాలంటే ఏ బడ్జెట్టూ చాలదు. 'ది బిగైల్డ్' దీనికి పూర్తి వ్యతిరేకం. అమెరికా అంతర్యుద్ధ కాలం, దిగ్బంధంలో కొత్త బట్ట దొరకదు, అందుకని ఉతికి ఉతికి వెలిసిన నూలు గౌన్లు. సైనికుడు ఇంట్లోకి రాగానే పెట్టెలో నుంచి మంచి గౌను, నగలు బయటికొస్తాయి. ఆ సినిమాకి 2017లో కాన్స్‌లో ఉత్తమ దర్శకత్వ బహుమతి వచ్చింది.

ప్రశ్నలున్నాయేమో అడగండి.

(సభలో ప్రశ్న: వెస్ ఆండర్సన్‌కి కూడా ఫ్యాషన్ సంస్థలతో సంబంధాలున్నాయి కదా, తేడా ఏమిటి?)

ఉన్నాయి. ప్రాడాకి 2013లో లఘుచిత్రం తీశాడు, 2015లో మిలాన్‌లోని ప్రాడా ఫౌండేషన్‌లో బార్ లూచే డిజైన్ చేశాడు. ఆయన కార్డరాయ్ సూట్లు కూడా ప్రసిద్ధమే. ఆయన పాత్రలు యూనిఫామ్ వేసుకున్నట్టు ఉంటాయి, ఒకసారి వేస్తే కథ చివరిదాకా అదే. కొప్పోలా పాత్రలు మార్చుకుంటూనే ఉంటాయి. ఆండర్సన్ దగ్గర పనిచేస్తే ఒకే బట్టకి ఆరేడు నకళ్లు ఎలా కుట్టాలో నేర్చుకుంటారు, కొప్పోలా తరహా సినిమాలో అరవై మార్పుల్ని ఒక వరసలో ఎలా పెట్టాలో నేర్చుకుంటారు. రెండూ కష్టమే, రెండోదానికి గది పెద్దది కావాలి.

(సభలో ప్రశ్న: బ్రాండ్ వాళ్లు లోగో కనిపించాలని పట్టుబడితే?)

ముందు ఆ సన్నివేశంలో ఆ పాత్ర ఆ లోగోని ఎవరికి చూపించాలనుకుంటోందో దర్శకుణ్ణి అడగండి. జవాబుంటే పెట్టండి. లేకపోతే లోగో లేని ముక్క ఇవ్వమని అడగండి, చాలాసార్లు ఉంటుంది. ఇదంతా మాటల మీద కాకుండా ఉత్తరంలో ఉండాలి: ఎన్ని ముక్కలు, ఏ తేదీ దాకా, మరక పడితే ఖర్చెవరిది, ఎడిటింగ్‌లో సన్నివేశం పోతే ఏమిటి. తేదీ దగ్గర 'షూటింగ్ పూర్తయ్యేదాకా' అని రాయించుకోకండి, 'ఎడిటింగ్ ఖరారయ్యేదాకా' అని రాయించుకోండి. తిరిగి ఇచ్చేటప్పుడు ముందు, వెనక, లోపలి లేబుల్, గుండీలు విడివిడిగా ఫోటోలు తీసి, తీసుకున్న మనిషి చేత అదే రోజు సంతకం పెట్టించుకోండి.